ఆబిడ్స్ గోడలు, నాంపల్లి దుకాణాలు: పాప్ ఆర్ట్‌ను మన వీధి నుంచి చదవడం

హైదరాబాదులో బస్సెక్కి "ఆబిడ్స్ ఒకటి" అని టికెట్ అడిగే ప్రతివారూ ఒక దుకాణం పేరు పలుకుతున్నట్లే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఉండేవాడు. ప్రభువు దుస్తులు, అలంకరణ వస్తువులు చూసుకోవడం అతని పని. అతడు పెట్టిన దుకాణం వల్లనే ఆ ప్రాంతానికి ఈ పేరు వచ్చింది. మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని నగరంలో ఇప్పటికీ చెప్పుకొంటారు. అందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కాని పురానీ హవేలీలో ఆయన వాడిన రెండంతస్తుల బట్టల బీరువాను మీరు ఈనాటికీ చూడవచ్చు. రాజుగారు ఏమి తొడుగుతారో, ఏ అత్తరు పూస్తారో తెలిసిన మనిషి దుకాణం తెరిస్తే ఊరి పెద్దలు అక్కడికి ఎందుకు వెళ్తారో వేరే చెప్పనక్కరలేదు. వారు సరుకుతోపాటు ఆ సరుకుకు అంటుకొన్న పేరును కూడా కొనుక్కొని వెళ్ళారు.

కళాచరిత్ర పాఠాన్ని దుకాణంతో మొదలుపెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఈ పాఠానికి అదే సరైన తలుపు. వస్తువుకూ ప్రసిద్ధ వ్యక్తికీ మధ్య ఉన్న ఈ బంధాన్నే 20వ శతాబ్దం మధ్యలో లండన్, న్యూయార్క్ చిత్రకారులు తమ కళకు ముడిసరుకుగా తీసుకొన్నారు. దానికి పాప్ ఆర్ట్ అని పేరు వచ్చింది. మీరు ఆ కళను పుస్తకాల్లోని చిన్న చిన్న ముద్రణల ద్వారానే చూసి ఉంటారు. అందుకని దాన్ని ఆబిడ్స్, నాంపల్లి వీధుల పక్కన పెట్టి చూద్దాం. రెండింటి మధ్య పోలిక ఎక్కడ ఉందో, ఎక్కడ తెగిపోతుందో కూడా చూద్దాం. నా దృష్టిలో ఆ తెగిపోయే చోటే ముఖ్యం.

పాప్ ఆర్ట్ అంటే ఏమిటి

1956లో లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో ఒక ప్రదర్శన జరిగింది. దాని కోసం రిచర్డ్ హామిల్టన్ పత్రికల్లోని బొమ్మలను కత్తిరించి, అతికించి ఒక చిన్న చిత్రం తయారుచేశాడు. అదొక ఇంటి హాలు. అందులో టెలివిజన్, టేప్ రికార్డర్, నేల ఊడ్చే యంత్రం, డబ్బాలో నిలవచేసిన మాంసం ఉన్నాయి. కండలు తిరిగిన ఒక పురుషుడి చేతిలో పెద్ద లాలీపాప్ ఉంది. దాని మీద "పాప్" అనే అక్షరాలున్నాయి. ఆ హాలు కిటికీలోంచి బయటకు చూస్తే ఒక సినిమా హాలు కనిపిస్తుంది. ఇంట్లో సరుకులు, కిటికీ బయట సినిమా: పాప్ ఆర్ట్ వస్తువంతా ఆ ఒక్క చిత్రంలోనే ఉందనవచ్చు.

ఆ తరువాత కథ అమెరికాకు మారింది. ఆండీ వారల్ వృత్తిరీత్యా వ్యాపార ప్రకటనల చిత్రకారుడు. చెప్పుల కంపెనీకి బొమ్మలు వేసి పేరు తెచ్చుకొన్నాడు. 1962లో లాస్ ఏంజెలెస్‌లో అతడు క్యాంప్‌బెల్ సూప్ డబ్బాల చిత్రాలను ప్రదర్శించాడు. మొత్తం 32 చిత్రాలు. అన్నీ ఒకేలా ఉంటాయి, డబ్బా మీద రాసిన రుచి పేరు ఒక్కటే మారుతుంది. వాటిని గోడ వెంబడి సన్నటి అర మీద వరుసగా పేర్చారు, కిరాణా కొట్లో పేర్చినట్టే. అదే ఏడాది ఆగస్టులో నటి మార్లిన్ మన్రో చనిపోయింది. వారల్ వెంటనే ఆమె ముఖాన్ని సిల్క్ స్క్రీన్ పద్ధతిలో ముద్రించడం మొదలుపెట్టాడు. అందుకు 1953 నాటి "నయాగరా" చిత్రం ప్రచారం కోసం తీసిన ఒక ఫోటోను వాడుకొన్నాడు. ఒక చిత్రంలో ఆ ముఖం 50 సార్లు వస్తుంది. సగం ముఖాలు రంగుల్లో ఉంటాయి. తక్కిన సగం నలుపు తెలుపులో క్రమంగా అలుక్కుపోతూ, వెలిసిపోతూ ఉంటాయి. సూప్ డబ్బాకు చేసిన పనినే నటి ముఖానికీ చేశాడు. తార కూడా అచ్చువేసి అమ్మే సరుకే అన్న మాటను నోటితో చెప్పకుండా బొమ్మతో చెప్పాడు.

నుమాయిష్: సరుకే వేడుక

ఇప్పుడు నాంపల్లికి వద్దాం. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం ఒక ప్రదర్శన తలపెట్టింది. హైదరాబాదు రాజ్యపు ఆర్థిక స్థితిగతుల మీద ఒక సర్వే జరపాలని, దానికి కావలసిన నిధులు సమకూర్చాలని వారి ఉద్దేశం. స్థానిక పరిశ్రమల ఉత్పత్తులతో పబ్లిక్ గార్డెన్స్‌లో దాదాపు 100 దుకాణాలు పెట్టారు. 1946లో అది నాంపల్లిలోని ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ఏటా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ఇదే.

దాని పుట్టుకలోని ఉద్దేశాన్ని గమనించండి. సరుకు చూపించి స్వదేశీ పరిశ్రమను నిలబెట్టాలన్నది ఆశయం. అయితే జనం అక్కడికి వచ్చింది తిరగడానికి, చూడటానికి. కొనేది గోరంత, చూసేది కొండంత. సబ్బులు, గాజులు, దుప్పట్లు, ఊరగాయలు దీపాల వెలుగులో వరుసలు తీరి ఉంటే వాటి మధ్య నడవడమే ఒక వేడుక. వారల్ సూప్ డబ్బాలను గ్యాలరీ అర మీద పెట్టినప్పుడు అమెరికన్ విమర్శకులు ఇది కళా, కిరాణానా అని వాదులాడుకొన్నారు. పక్కనున్న మరో కళా దుకాణంవారు నిజమైన సూప్ డబ్బాలనే అద్దంలో పేర్చి, మా దగ్గర ఇంకా చౌక అని వెక్కిరించారు కూడా. నుమాయిష్‌కు పిల్లాజెల్లాతో వచ్చినవారికి ఆ వాదం అర్థమయ్యేది కాదు. సరుకును చూడటానికి టికెట్ కొనడం వారికి అప్పటికే అలవాటు.

ప్యాకెట్టు మీద పేరు

పక్కనే మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935లో కట్టిన ఆ మార్కెట్టుకు ఏడవ నిజాం రెండవ కుమారుడి పేరు పెట్టారు. అక్కడి బేకరీల్లో మీరు కొనే ఉస్మానియా బిస్కెట్టులో ఏడవ నిజాం పేరు ఉంది. రాజ్యం పోయింది, నాణెం మారింది, పేరు మాత్రం బిస్కెట్టు మీద మిగిలింది. చార్మినార్ సంగతి కూడా ఇలాంటిదే. హైదరాబాదుకు చెందిన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్టు ప్యాకెట్టు మీద ఆ కట్టడం బొమ్మ వేసింది. పాతబస్తీ మొహం ఎన్నడూ చూడని లక్షలాది మందికి చార్మినార్ రూపురేఖలు తెలిసింది ఆ ప్యాకెట్టు వల్లనే. 1591 నాటి కట్టడం జేబులో ఇమిడే అచ్చుబొమ్మ అయింది, కాల్చి పారేస్తే కాలువలో తేలింది.

అచ్చుబొమ్మకూ సరుకుకూ మన దేశంలో ఉన్న చుట్టరికం పాప్ ఆర్ట్ కంటే చాలా పాతది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ముద్రణాలయం పెట్టాడు. ఆయన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు పూజగదుల్లోకి చేరాయి. ఆ ధోరణి బొమ్మలే బట్టల మిల్లుల లేబుళ్ళ మీదికి, అగ్గిపెట్టెల మీదికి, సబ్బు కంపెనీల క్యాలెండర్ల మీదికి కూడా వెళ్ళాయి. దేవత చిత్రం కింద దుకాణం పేరు, ఫోను నంబరు ఉండటం మనకు ఏనాడూ తప్పుగా తోచలేదు. తరువాత ఆ స్థానంలోకి సినిమా తారలు వచ్చారు. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించింది. భారతీయ నటి ఆ సబ్బుకు ముఖం కావడం అదే మొదలు. మన కాలానికి వస్తే థమ్స్ అప్ సీసాతో చిరంజీవి, ఆయన తరువాత మహేష్ బాబు. ఇది మీకు నేను చెప్పనక్కరలేదు.

గళ్ళు గీసి వేసిన ముఖాలు

ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఆబిడ్స్‌లో ఒకప్పుడు ప్యాలెస్, జమ్రుద్ మహల్, సాగర్ వంటి టాకీసులు ఉండేవి. ఆబిడ్ దుకాణం ఉన్న చోటే ప్యాలెస్ టాకీస్ వెలసిందని నగర చరిత్ర రాసినవారు చెబుతారు. అంటే సరుకులు అమ్మిన చోటే తారలను అమ్మారన్నమాట. తరువాత రామకృష్ణ థియేటర్లు, సంతోష్, సప్న వచ్చాయి. ఆ హాళ్ళ నుదుటన, చుట్టుపక్కల కూడళ్ళలో చేతితో వేసిన పెద్ద పెద్ద బొమ్మలు నిలిచేవి.

వాటిని ఎలా వేసేవారో తెలుసుకోండి, ఎందుకంటే ఆ పని ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. నిర్మాత పంపిన స్టిల్లు మీద పెన్సిలుతో గళ్ళు గీస్తారు. గుడ్డ బిగించిన చట్రాల మీద, లేదా రేకుల మీద అన్నే గళ్ళు పెద్దవిగా గీస్తారు. ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని బొగ్గుతో పెంచుకొంటూ పోతారు. నేపథ్యం నింపడం కుర్రాళ్ళ పని, అక్షరాలు రాయడం ఇంకొకరి పని, ముఖం మాత్రం మేస్త్రీ వేస్తాడు. దగ్గర నిలబడి వేసేవాడికి కన్ను ఒక చాటంత కనిపిస్తుంది, ముఖం కనిపించదు. వంద అడుగుల దూరం నుంచి చూసేవాడికి అదే ముఖంగా కుదరాలి. ఈ దూరపు లెక్క చేతిలో ఉన్నవాడే మేస్త్రీ. విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేను తరగతికి ఆలస్యమైనా సరే నిలబడి చూసిన సందర్భాలున్నాయి. ముక్కు పక్కన నీడకు ఆకుపచ్చ, చెంప మీద గులాబీ, నుదుటి అంచున పసుపు గీత. దగ్గరికి వెళితే రంగుల గందరగోళం, రోడ్డు దాటి చూస్తే ఎన్.టి.రామారావు.

ఆ స్టిల్లు చాలాకాలం నలుపు తెలుపులోనే వచ్చేది. రంగు పెయింటరు ఊహ. "మాయాబజార్" 1957లో విడుదలైంది. అది నలుపు తెలుపు చిత్రం, 2010లోగాని దానికి రంగులు అద్దలేదు. కాని అంతకుముందే ఎన్నో ఇళ్ళ గోడల మీద, క్యాలెండర్లలో ఎన్టీఆర్ కృష్ణుడు నీలిరంగులో నవ్వుతూ ఉన్నాడు. తెరమీద లేని రంగును ప్రచారచిత్రమే ఇచ్చింది. వారల్ మార్లిన్ ఫోటో మీద పసుపు జుట్టు, నీలి కనురెప్పలు అద్దిన పని కూడా ఇలాంటిదే. తార సహజ రూపం మీద సంత రంగు పూసి, దాన్నే అసలు రూపంగా నిలబెట్టడం.

ఇక్కడ మీకు ఒక అమెరికన్ పెయింటరును పరిచయం చేయాలి. జేమ్స్ రోసెన్‌క్విస్ట్ 1950ల చివర న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ ప్రాంతంలో పరంజా ఎక్కి హోర్డింగులు వేసి బతికాడు. మన మేస్త్రీల మాదిరే దగ్గర నుంచి అర్థం కాని బొమ్మ దూరం నుంచి ఎలా కుదురుతుందో అక్కడే నేర్చుకొన్నాడు. 1960లో ఆ పని మానేసి, అదే కొలతలో, అదే నునుపుతో గ్యాలరీలకు చిత్రాలు వేశాడు. అతని "ఎఫ్-111" చిత్రం పొడవు 86 అడుగులు. యుద్ధవిమానం మధ్యమధ్యలో సేమ్యా, కారు టైరు, జుట్టు ఆరబెట్టే యంత్రం కింద కూర్చున్న చిన్నపిల్ల. ఈనాడు ఆ చిత్రం న్యూయార్క్ మ్యూజియంలో ఉంది, అతని పేరు ప్రతి కళాచరిత్ర గ్రంథంలోనూ ఉంది.

ఆబిడ్స్‌లో అదే విద్య తెలిసినవారి పేర్లు ఏ గ్రంథంలో ఉన్నాయి? మన దేశంలో ఆ పరంజా దిగి గ్యాలరీకి వెళ్ళినవారిలో ఎం.ఎఫ్.హుసేన్ ప్రసిద్ధుడు. 1930లలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసిన హుసేన్‌కు హైదరాబాదుతో దీర్ఘకాలం అనుబంధం ఉంది. బద్రీవిశాల్ పిత్తీ ప్రోత్సాహంతో రామాయణ చిత్రాలు వేసింది ఇక్కడే. తరువాత బంజారా హిల్స్‌లో సినిమా ఘర్ కట్టించాడు. చివరి రోజుల దాకా మాధురీ దీక్షిత్ మీద మోజు దాచుకోలేదు. హుసేన్‌ను మినహాయిస్తే మిగిలినవారిలో ఎక్కువమంది పేరు హోర్డింగు మూల చిన్న అక్షరాల్లో ఉండి, ఆ సినిమాతోపాటే వెళ్ళిపోయింది. సినిమా మారగానే పాత బొమ్మ మీద సున్నమో తెల్లరంగో కొట్టి అదే గుడ్డ మీద కొత్త బొమ్మ వేసేవారు. ఒక హీరో కింద ఇంకో హీరో, అతని కింద మరొకడు.

పోలిక తెగే చోటు

కొందరు రచయితలు మన హోర్డింగులను "భారతీయ పాప్ ఆర్ట్" అనేస్తుంటారు. అది గౌరవంగా అన్నమాటే, కాని సరికాదని నా అభిప్రాయం. వారల్‌కు తన సరుకుతో ఎడం ఉంది. అతని మార్లిన్ బొమ్మ ముందు నిలబడితే అతడు ఆమెను ఆరాధిస్తున్నాడో, ఎగతాళి చేస్తున్నాడో, దుఃఖిస్తున్నాడో మీరు తేల్చుకోలేరు. ఆ తేలనితనమే పాప్ ఆర్ట్ ఆయువుపట్టు. ఆబిడ్స్ హోర్డింగులో ఆ సందిగ్ధం లేదు. హాలు నింపడం దాని పని. చూసేవాడు దానికి దండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు, తరువాతి దశాబ్దాల్లో కటౌటుకు పాలతో అభిషేకం చేశాడు. సూప్ డబ్బాకు ఎవరూ హారతి పట్టలేదు.

వారల్ ఒకచోట కోకా కోలా గురించి రాశాడు. అధ్యక్షుడు తాగేదీ, వీధిలో బిచ్చమెత్తేవాడు తాగేదీ ఒకటే కోక్, డబ్బు పెట్టినా అంతకంటే మంచి కోక్ దొరకదు అని అతని మాటల సారాంశం. వినియోగ వస్తువు మనుషులను సమానం చేస్తుందన్న అమెరికన్ నమ్మకం అది. మన టాకీసులో ఆ లెక్క కుదరదు. సినిమా ఒకటే, కాని నేల వేరు, బెంచీ వేరు, కుర్చీ వేరు, బాల్కనీ వేరు. ఎవడు ఎక్కడ కూర్చుంటాడన్నది వాడి సంపాదనే తేల్చింది, కులం కూడా కొంత తేల్చింది. టికెట్ లేకుండా, తరగతి లేకుండా అందరూ సమానంగా చూసింది బయటి హోర్డింగును మాత్రమే. నేల టికెట్టుకు కూడా డబ్బులేని పిల్లవాడికి సినిమా అంటే ఆ బొమ్మే.

తార నుంచి ప్రభుత్వానికి

రోసెన్‌క్విస్ట్ 1960-61లో "ప్రెసిడెంట్ ఎలెక్ట్" అనే చిత్రం మొదలుపెట్టాడు. ఎన్నికల పోస్టరులోని కెనడీ ముఖం, ఆడమనిషి వేళ్ళు విరుస్తున్న కేకు ముక్క, షెవర్లే కారు భాగం: మూడూ హోర్డింగు నునుపుతో పక్కపక్కన ఉంటాయి. తనను తాను ప్రకటన చేసుకొనే నాయకుడు మీకు ఏమిస్తానంటున్నాడు అన్నది చిత్రకారుడి ప్రశ్న. సగం షెవర్లే, ఒక నిలవ కేకు ముక్క అని అతడే జవాబు చెప్పాడు.

ఇప్పుడు 1982 మార్చి 29ని గుర్తుచేసుకోండి. ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ స్టేడియం ఆబిడ్స్‌కు కూతవేటు దూరం. రామకృష్ణ థియేటర్లు ఆయన కుటుంబానివే, ఆయన నివాసం కూడా ఆబిడ్స్‌లోనే ఉండేది. హోర్డింగు మీది ముఖం, ఆ ముఖానికి యజమాని, అతని సినిమా హాలు, అధికారం అన్నీ ఒక మైలు లోపల చేరిన దృశ్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో మీరే వెదకండి. "బొబ్బిలిపులి"కి ముఖం వేసిన చేతులే ఎన్నికల బ్యానర్లకూ వేశాయి. గళ్ళు అవే, రంగులు అవే.

కాని ఇక్కడ కూడా పోలికను గుడ్డిగా సాగదీయకండి. రోసెన్‌క్విస్ట్ చిత్రంలో వాగ్దానం కేకు ముక్క. మన కథలో వాగ్దానం కిలో రెండు రూపాయల బియ్యం. కేకు మీద వ్యంగ్యం చెల్లుతుంది. కడుపు కాలినవాడి బియ్యం మీద అంత తేలికగా చెల్లదు. తారాకర్షణకు జనం మోసపోయి ఓటేశారని రాసే చరిత్రకారులు ఈ తేడాను తూకం వేయడం మరిచిపోతారు. బొమ్మను చూసి వచ్చినవాడు కూడా బియ్యం ధర చూసుకొనే ఓటేస్తాడు.

మిగిలినవి, మిగలనివి

1990ల చివర ఫ్లెక్సీ వచ్చింది. కంప్యూటరులో ఫోటో పెంచి, గంటల్లో ముద్రించి కట్టేయవచ్చు. చదరపు అడుగు లెక్కన కూలి తీసుకొన్న పెయింటరు ఆ ధరతో పోటీపడలేకపోయాడు. కొందరు నంబరు ప్లేట్లు, దుకాణాల బోర్డులు రాసుకొని బతికారు, కొందరు పని మార్చుకొన్నారు. ప్యాలెస్, జమ్రుద్, సాగర్ సినిమా హాళ్ళుగా ఇప్పుడు లేవు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంకు వెళ్ళండి. అక్కడ చాళుక్యుల శిల్పాలున్నాయి, అజంతా చిత్రాల నకళ్ళున్నాయి, ఈజిప్టు మమ్మీ ఉంది, ఆధునిక చిత్రాల గది కూడా ఉంది. గోడకు వేలాడే సినిమా హోర్డింగు ఒక్కటి నాకు కనబడలేదు. వేలమంది రోజూ తలెత్తి చూసిన చిత్రం భద్రపరచదగినదని ఎవరికీ తోచలేదు. అజంతా చిత్రకారుడి పేరూ మనకు తెలియదు, హోర్డింగు పెయింటరు పేరూ తెలియదు. మొదటివారిది 15 శతాబ్దాల దూరం. రెండవవారిలో కొందరు మన పక్క బస్తీలోనే ఉన్నారు.

అందుకే ఈ పాఠానికి సంబంధించిన అభ్యాసాన్ని పుస్తకంలో ఇవ్వడం లేదు. ఒక ఆదివారం ఉదయం ఆబిడ్స్ వెళ్ళండి. దుకాణాలు మూసిన మెట్ల ముందు, కాలిబాటల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. వాటిలో పాత సినిమా పత్రికలు, పాటల పుస్తకాలు వెదకండి. ఒకటి కొని, దాని అట్ట మీద, వెనుక అట్ట మీద ఏముందో చూడండి: ఏ తార, ఏ సబ్బు, ఏ రంగులు. లోపల ముద్రాపకుడి పేరు ఎక్కడుందో, చిత్రకారుడి సంతకం ఉందో లేదో చూసి రాసుకోండి. మీ ఊళ్ళో బోర్డులు రాసే వృద్ధుడు ఎవరైనా ఉంటే, ఏ హాలుకు ఏ సినిమాకు ముఖాలు వేశారో అడిగి, తారీఖు వేసి నమోదు చేయండి. హైదరాబాదు దూరమైనవారు తమ పట్టణంలోని పాత టాకీసు పేరుతో ఇదే పని చేయవచ్చు. నాలుగు పేజీలు చాలు.